అమ్మమ్మ చేతికి సరిపడే తూటా

మా అమ్మమ్మ ఫెక్లాకి ఎలుగుబంటి అంటే పెద్ద భయం లేదు. ఆమె భయమంతా తన ఇంటి తలుపు పిడికి ఎవరైనా చేప తగిలించి పోతారేమోనని.

ఉత్తరాన చలి సముద్రంలో ఉన్న కోడియాక్ దీవిలో, మా ఊళ్ళో, అదొక పద్ధతి. ఎండాకాలం మొదట్లో సముద్రంలోంచి ఎర్ర సాల్మన్ చేపల గుంపు దిగగానే, పడవలున్నవాళ్ళు తమ మొదటి వలలోంచి మంచి చేప ఒకటి తీసి, ఇక నీళ్ళ మీదికి పోలేని ముసలివాళ్ళ తలుపుకి సంచిలో కట్టి వెళ్ళిపోతారు. తలుపు తట్టరు. మర్నాడు దారిలో ఎదురుపడినా ఆ మాట ఎత్తరు. అమ్మమ్మ పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటినుంచి అలా ఎన్ని తలుపులకి కట్టిందో! కట్టేటప్పుడు ఆమె మొహం చూడాలి. పైకి చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తున్నంత వినయం. నాలుగడుగులు ఇవతలికి రాగానే, "పాపం ఒలింపియాడా. నాకంటే చిన్నది తెలుసా?" అనేది నాతో, పరమానందంగా.

నేను ఆమె కూతురి కూతుర్ని. పేరు లుకేరియా, ఊరికి లూషాని, అమ్మమ్మకి మాత్రం నక్కని. బడికీ నాకూ పడక పదో తరగతి మధ్యలోనే మా అమ్మని ఆంకరేజ్‌లో వదిలేసి ఈమె దగ్గరికొచ్చి పడ్డాను. చేప కోయడం, నోరు పారేసుకోవడం, రెండూ ఈమె దగ్గరే నేర్చుకున్నాను. మొదటిది ఇంకా సరిగ్గా రాలేదంటుంది.

అఖాతం అవతలి ఒడ్డున మా చేపల మకాం ఉంది. ఒక గది ఇల్లు, దాని పక్కన ఆవిరిస్నానాల బాన్యా, కాస్త దూరంలో పొగగుడిసె. ఎండాకాలమంతా అమ్మమ్మ అక్కడే. చేపల్ని చీల్చి, ఉప్పునీళ్ళలో ముంచి, వాసాలకి వేలాడదీసి, కింద కాటన్‌వుడ్ కట్టెలు పొగబెట్టి, పగలంతా ఆ పొగని చంటిపిల్లలా సాకుతుంది. తాతయ్య జఖార్ బతికున్నప్పుడు, "నా మొహం ఒక్కసారి ఇంత శ్రద్ధగా చూసి ఉంటే నేనూ ఇంత ఎర్రగా ఉండేవాణ్ణి" అనేవాడట.

పోయిన ఏడు ఆకులు రాలే కాలంలో, చెవి చిరిగిన ఆడ ఎలుగు ఒకటి ఆ పొగగుడిసె తలుపు ఊడబీకి లోపలికి దూరింది. మా దగ్గర ఎలుగులు కొత్త కాదు. గిన్నెలు మోగించి, "వెళ్ళమ్మా, ఇది నీది కాదు" అని మర్యాదగా చెబితే పోతాయి. ఇది పోలేదు. ఒకసారి పొగచేప రుచి చూసిన ఎలుగు మళ్ళీ వస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే చలికాలం పొడవునా మా మామయ్య తిమఫేయ్ ఒకటే పాట పాడాడు.

"అమ్మా, నీ రొమ్ము మీద తుపాకీ ఉండాలి. అది నీ చేత్తో పేలాలి. ఆ రెండూ జరిగితేనే మకాం. లేకపోతే ఊళ్ళోనే కూర్చో."

"ఊళ్ళో కూర్చుని ఏం చెయ్యనురా?"

"విశ్రాంతి తీసుకో."

"అంటే తలుపుకి చేప కట్టించుకోమంటావు."

పొడవు తుపాకీ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ చేప కోసే మనిషికి రెండు చేతులూ చేప మీదే ఉంటాయి. తుపాకీని గుడిసె మేకుకి తగిలించి నీళ్ళ దగ్గరికి నడుస్తాం. అప్పుడు ఎలుగు వచ్చి సరిగ్గా ఆ మేకు పక్కన నిలబడుతుంది. అందుకే మా వైపు జనం తోలు తొడుగులో చేతి తుపాకీ పెట్టి రొమ్ముకి కట్టుకుంటారు. ఏ తుపాకీ, అందులో ఏ తూటా అన్నదాని మీద చర్చిలో తప్ప అన్నిచోట్లా పోట్లాడుకుంటారు.

తాతయ్య రివాల్వర్ ఇంట్లోనే ఉంది. నలభైనాలుగు మాగ్నమ్ అనే బలమైన తూటా పేల్చేది, దుక్కలాంటి ఉక్కు. ఆయన జీవితమంతా అదే కట్టుకు తిరిగాడు. అమ్మమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తితే, గొట్టం ముందు నా మోకాళ్ళని, తర్వాత ఆమె చెప్పుల్ని చూసేది. ఏళ్ళ తరబడి చేపలు చీల్చిన మణికట్టు ఆమెది. పొద్దున్నే టీ కప్పు పట్టుకోవడానికే దాన్ని బతిమాలుకోవాలి.

"గురి బాగుంది అమ్మమ్మా. ఎలుగు పాకుతూ వస్తే చచ్చినట్టే" అన్నాను.

"నువ్వు ముందు నడువు నక్కా. నిన్ను తింటూ ఉంటుంది కదా, అప్పుడు తాపీగా గురి చూసుకుంటాను."

మంచు కరగడం మొదలయ్యాక విషయం ఎరాస్ట్ కొట్టుకి చేరింది. ఊళ్ళో ఉన్నది అదొక్కటే కొట్టు. పిండి, బోల్టులు, కాఫీ, సలహాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. చివరివి మాత్రం అడక్కుండానే ఇస్తారు.

"నాలుగొందల యాభైనాలుగు తీసుకో ఫెక్లా అత్తా" అన్నాడు ఎరాస్ట్, తన నడుముకున్న ఇంకా పెద్ద రివాల్వర్‌ని చరుస్తూ. "నలభైనాలుగు ఏం సరిపోతుంది? ఇది ఎలుగు ఈ భుజంలో దూరి ఆ తుంటిలోంచి బయటికొస్తుంది."

"నా భుజంలోంచో?"

"నీకు కాస్త తన్నినట్టుంటుంది, అంతే."

"కిందటేడు అది పేల్చినప్పుడు నీ నుదుటికి కుట్లు పడ్డాయి కదరా."

కొట్టంతా నవ్వింది. ఎరాస్ట్ టోపీ కిందికి లాక్కున్నాడు.

టపా విమానం నడిపే డ్వేన్ సరుకులిచ్చే గట్టు మీదికెక్కి కూర్చుని కాళ్ళూపుతున్నాడు. బయటినుంచి వచ్చినవాడు, అన్నీ కొత్తవే మెచ్చుకుంటాడు. "రివాల్వర్ల కాలం పోయిందమ్మా. పది మిల్లీమీటర్ల పిస్టల్ కొనుక్కో. గుండు చిన్నదే కానీ చాలా పడతాయి. తన్నేది కూడా తక్కువ. మొదటిది తప్పితే రెండోది, రెండోది తప్పితే మూడోది."

ఇది అమ్మమ్మకి నచ్చింది. తప్పడం గురించి అంత దయగా మాట్లాడినవాడు ఇంతవరకూ ఎవరూ లేరు. డ్వేన్ తన పిస్టల్ ఖాళీ చేసి ఆమె చేతిలో పెట్టాడు. తేలిగ్గానే ఎత్తింది. అయితే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కాలంటే పైనున్న ఉక్కు తొడుగుని పట్టి వెనక్కి లాగాలి. లాగింది. రాలేదు. పళ్ళు బిగించి లాగింది. ఆమె వేళ్ళు దాని మీంచి తడి సబ్బు మీంచి జారినట్టు జారిపోయాయి. నేను అందుకుని ఒక్క లాగు లాగాను, టక్కుమని వచ్చింది.

"ముందే లాగి పెట్టుకుంటే సరి" అన్నాడు డ్వేన్.

"మధ్యలో అడ్డం పడి ఆగిపోతే?"

"మళ్ళీ లాగాలి."

"ఎవరు? ఎలుగా?" అంది అమ్మమ్మ. పిస్టల్‌ని గట్టు మీద పెట్టేసింది. నవ్వుతూనే పెట్టింది కానీ, ఇంటికొచ్చే దారంతా తన వేళ్ళని తనే నొక్కుకుంటూ నడిచింది.

చివరికి దారి చూపించింది మామయ్యే. నలభైనాలుగు మాగ్నమే, కానీ కొత్తరకం తేలిక లోహంతో చేసిన రివాల్వర్ తెప్పించాడు. పిండి గరిటె ఎత్తినంత సులువుగా ఎత్తింది అమ్మమ్మ. గొట్టం ఎక్కడ చూపమంటే అక్కడే చూసింది.

"ఇంకో సంగతి. నాన్న తూటాలు దీనికి సరిపోతాయి" అన్నాడు మామయ్య.

అమ్మమ్మ మొహం మారిపోయింది. తాతయ్య కొట్టు తూటాలు ఎప్పుడూ నమ్మలేదు. గట్టి సీసం బరువు గుండ్లు తనే పోసుకుని, ఇత్తడి గొట్టాల్లో మందు నింపి, వంటగది బల్లకి బిగించిన మరతో గుండుని అందులోకి నొక్కేవాడు. ఆ మర ఇప్పుడు మామయ్య దగ్గరుంది. తాతయ్య కొలతలతోనే ఇప్పటికీ తూటాలు చేస్తాడు. ఆ తూటాతో తాతయ్య పొగగుడిసె ముందు ఒక మగ ఎలుగుని అక్కడికక్కడే ఆపేశాడని ఊరంతా చెప్పుకుంటుంది. ప్రతిసారీ ఆ ఎలుగు ఇంకాస్త పెరుగుతుంది.

ఎరాస్ట్ మరోసారి తన నాలుగొందల యాభైనాలుగు గురించి ఎత్తబోయాడు. అమ్మమ్మ చెయ్యెత్తి ఆపేసింది. "నా తూటా దొరికింది" అంది.

"అమ్మమ్మా, నువ్వు ఎంచుకున్నది తూటానా, తాతయ్యనా?" అన్నాను.

"రెండుసార్లూ ఆయన్నే ఎంచుకున్నా. నీకేం బాధ?"

ఊరి చివర ఒడ్డున ఇనప పీపా నిలబెట్టి మామయ్య ఆమెకి కాల్చడం నేర్పించాడు. ఆరు తూటాలూ నింపి చేతికిచ్చాడు. అమ్మమ్మ సిలువ గుర్తు వేసుకుని మీట నొక్కింది. ఆ చప్పుడికి ఒడ్డు మీది సముద్రపు పిట్టలన్నీ లేచాయి, అమ్మమ్మ తలగుడ్డ వెనక్కి జారింది, పీపాకి చిల్లు పడింది. మామయ్య చిన్నపిల్లాడిలా గెంతాడు.

"ఇంకోటి కాల్చమ్మా!"

ఆమె కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. "పీపా చచ్చింది కదరా, మళ్ళీ ఎందుకు చంపడం?" అంది.

అంతే. ఆ తర్వాత కూడా వెళ్ళినప్పుడల్లా ఒక్కటే కాల్చింది. ఆ ఒక్కటీ తగిలేది. మామయ్య ఖాళీ ఇత్తడి గొట్టం తీసేసి, ఆ చోట కొత్త తూటా పెట్టి, తూటాల చక్రం మూసి తిరిగిచ్చేవాడు. మిగతా అయిదూ అలాగే లోపల ఉండేవి. ఇంటికొచ్చాక అమ్మమ్మ చేతిని చల్లటి సముద్రపు నీళ్ళ బకెట్‌లో ముంచుకునేది. "మామయ్యకి చెప్పావో, నీ జడ పొగగుడిసెలో వేలాడదీస్తా" అని నన్ను బెదిరించేది. నేను చెప్పలేదు. ఆమెని మకాంకి పంపకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు కదా.

ఎర్ర సాల్మన్ దిగింది. మేమిద్దరం అవతలి ఒడ్డుకి చేరాం. అమ్మమ్మ ఆ వారమంతా పెళ్ళికూతురిలా తిరిగింది. రొమ్ము మీద రివాల్వర్, చేతిలో అర్ధచంద్రాకారపు కత్తి, నోట్లో నా మీద తిట్లు. "తోక దగ్గర ఎముక వదిలేశావు. ఆ తునక ఎవరికి, నీ మొగుడికా?" పొగగుడిసె వాసాలన్నీ ఎర్రటి చీలికలతో నిండిపోయాయి. మొదటి వలలోంచి తీసిన చేపల్ని, ఊళ్ళో కట్టించాల్సిన తలుపుల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, మామయ్య పడవలో పంపించింది.

పొడవు తుపాకీని మేమెప్పుడూ పడవలోంచి దించి ఇంట్లో పెట్టుకునేవాళ్ళం. ఈసారి రొమ్ము మీద ఒకటి ఉంది కదా అని పడవలోనే వదిలేశాం.

ఒక రోజు మధ్యాహ్నం ఆటుకి సముద్రం బాగా వెనక్కి పోయింది. మా పడవ దూరంగా బురదలో ఒరిగి ఉంది. చెవి చిరిగిన ఎలుగు సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొమ్ము చుట్టూ తిరిగి, పడవకీ మాకూ మధ్యనుంచి, తన ఇంటికి తను వస్తున్నట్టు వచ్చింది. నేను గిన్నెలు బాదాను. అమ్మమ్మ ముందుకు రెండడుగులు వేసి, "వెళ్ళమ్మా. చాలా కష్టపడి చేసుకున్నాం. నదినిండా చేపలున్నాయి, అటు వెళ్ళు తల్లీ" అంది.

అది ఆగింది. ముక్కెత్తి పొగని పీల్చింది. మళ్ళీ నడిచింది.

అమ్మమ్మ రివాల్వర్ తీసి, దాని ముందున్న గులకరాళ్ళలోకి కాల్చింది. రాళ్ళు ఎగిరాయి. ఎలుగు వెనక్కి దూకి, ముందుకాళ్ళు దించి, బుసకొట్టింది. తల కిందికి పెట్టి మావైపు చూసింది. ఆ చూపుకి నా చేతిలో గిన్నె జారి పడింది. ఆ చప్పుడికి కూడా అది కదల్లేదు. తర్వాత వచ్చింది, పరిగెత్తకుండా, తొందర లేకుండా.

అమ్మమ్మ ఈసారి దాని భుజానికి గురిపెట్టింది. నొక్కింది. ఏమీ కాలేదు. ఆ మీట అసలు కదల్లేదు. రెండు చేతుల వేళ్ళూ దూర్చి నొక్కింది.

"నక్కా," అంది నెమ్మదిగా, "మీ తాత బిగుసుకు కూర్చున్నాడే."

ఆమె నడుం పట్టుకుని బాన్యాలోకి లాక్కుపోయాను. తలుపు మూసి బెంచీ అడ్డం పెట్టాను. ఆ తలుపు ఆవిరిని ఆపడానికి చేసింది, ఎలుగుని కాదు.

నా నడుముకున్న చేతి రేడియోలో మామయ్య దొరికాడు. ఆయన గొంతు అప్పుడే అరిచిన మనిషి గొంతులా ఉంది. "పోటు రాకుండా పడవ ఒడ్డుకి చేరదు లూషా. తలుపు తియ్యకండి. వస్తున్నాను. వస్తున్నాను కానీ..." అని ఆగిపోయాడు. ఆ "కానీ" తర్వాత ఉన్నదంతా నీళ్ళే.

బాన్యాకి అరచేతంత కిటికీ. అమ్మమ్మ దాని వెలుతురులో రివాల్వర్ పెట్టి చూసింది. ఒక తూటా గుండు తన ఇత్తడి గొట్టంలోంచి ముందుకు పాకి, చక్రం దాటి, ముక్కు బయటపెట్టింది. అది చట్రానికి అడ్డం పడి చక్రాన్ని తిరగనివ్వడంలేదు. అమ్మమ్మ బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కింది. తర్వాత రాయితో నొక్కింది. తర్వాత బతిమాలింది. "లోపలికెళ్ళు జఖార్, లోపలికెళ్ళు నాయనా." మణికట్టు అప్పటికే రొట్టెపిండిలా ఉబ్బింది.

బయట పొగగుడిసె వాసాలు విరుగుతున్నాయి. ఒక్కొక్కటీ ఏ వాసమో చప్పుడుని బట్టి చెప్పింది అమ్మమ్మ. "అది తలుపు పైది. అది మీ తాత వేసింది. అది మొన్న మనం కట్టింది."

తర్వాత నమలడం వినిపించింది. ఎలుగు నమిలేటప్పుడు మనిషిలాగే చప్పుడు చేస్తుంది, సంతోషంగా. మధ్యలో ఒకసారి వచ్చి బాన్యా గోడకి ముక్కానించి పీల్చింది. పలకల సందులోంచి దాని ఊపిరి లోపలికొచ్చింది. మా చేపల వాసనే. అమ్మమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. నేనేమీ అనబోవడంలేదు.

అది వెనక్కి తిరిగి తినడానికి వెళ్ళిపోయింది. మేము కూర్చున్నాం. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

పోటుతోపాటు మామయ్య, ఎరాస్ట్ వచ్చారు. అప్పటికి ఎలుగు తృప్తిగా కొండెక్కిపోయింది. పొగగుడిసె ఉన్నచోట పలకల కుప్ప, దానికింద ఇంకా సన్నగా పొగ. ఒక్క చీలిక మిగల్లేదు. అమ్మమ్మ ఆ కుప్ప దగ్గరికెళ్ళి, పొగ మీద ఇంత మట్టి కాలితో తోసి, పడవ వైపు నడిచింది.

ఊళ్ళో క్లినిక్ అమ్మాయి మణికట్టు చూసి, ఎముక చిట్లిందని చెప్పి పట్టీ కట్టింది. మామయ్య రివాల్వర్‌ని వంటగది బల్ల మీద పెట్టి, చెక్క సుత్తితో తట్టి తట్టి చక్రం తెరిచాడు. మిగిలిన తూటాల్ని వరసగా నిలబెట్టాడు. ఒక్కటీ ఇంకోదానంత లేదు. అన్నిటి గుండ్లూ కొద్దికొద్దిగా ముందుకు జరిగాయి.

"తేలిక తుపాకీ కదా, గట్టిగా వెనక్కి తంతుంది. తన్నినప్పుడల్లా ఇత్తడి వెనక్కి పోయింది, బరువు గుండు ఉన్నచోటే ఉండిపోయింది. రోజూ ఒక్కటే కాల్చాం. మిగతావి లోపలే కూర్చుని ప్రతి దెబ్బా తిన్నాయి. నేను వాటి మొహం ఎప్పుడూ చూడలేదు." అన్నాడు మామయ్య. "నాన్న తుపాకీలో ఒక్కటి కూడా కదల్లేదమ్మా. ఎప్పుడూ."

"మీ నాన్న తుపాకీ బరువు. అందుకే నేను ఎత్తలేను" అంది అమ్మమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మామయ్య కాస్త తేలికపడేవాడు.

మర్నాడు కొట్టులో మళ్ళీ మొదలైంది. తేలిక గుండు వాడి ఉండాల్సిందని ఒకరు, ఇత్తడి అంచు ఇంకా గట్టిగా నొక్కాల్సిందని ఒకరు. "నేను ముందే చెప్పాను, నాలుగొందల యాభైనాలుగు..." అన్నాడు ఎరాస్ట్. డ్వేన్ పది మిల్లీమీటర్ల పిస్టల్‌కి తొడుగు తేలిగ్గా లాగే పరికరం ఉందన్నాడు. అందరూ ప్రేమగానే అన్నారు. అమ్మమ్మ టీ ఆకు కొనడానికి వచ్చింది. పట్టీ కట్టిన చేతిని గట్టు మీద, తూటాల డబ్బాల పక్కన పెట్టింది.

"ఇదీ నా చెయ్యి. దీనికి ఏ కొలత ఉందో చెప్పండిరా, అదే కొంటాను."

ఎరాస్ట్ ఆ చేతిని చూశాడు, డబ్బాల్ని చూశాడు, టీ ఆకు పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. ఎవరైనా నవ్విస్తే బాగుండునని అందరూ నావైపు చూశారు. నేను నా బూట్ల వైపు చూశాను.

ఆ వారంలోనే ఒక పొద్దున తలుపు తీస్తే పిడికి సంచి వేలాడుతోంది. ఎర్ర సాల్మన్, మంచిది, మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. దారిలో ఎవరూ లేరు. ఉండరు కూడా.

నేను దాన్ని దాచేద్దామనుకున్నాను. దాచి, నేనే పట్టుకొచ్చానని చెబుదామనుకున్నాను. ఈలోగా అమ్మమ్మ నా వెనకే వచ్చి నిలబడింది. మ్యాగ్‌పై పిట్ట ఒకటి వచ్చి మెట్టు మీద వాలి, సంచి వైపు గెంతింది. అమ్మమ్మ దాన్ని అదిలించలేదు.

ఎదురుగా ఒలింపియాడా ఇంటి కిటికీ తెర కదిలినట్టు నాకనిపించింది. అమ్మమ్మకీ అనిపించి ఉంటుంది.

చివరికి, "లోపలికి తే నక్కా. ఎండ తగిలితే పాడవుతుంది" అంది.

బల్ల మీద పరిచాను. ఆమె ఎడమ చేత్తో పొట్ట కోత మీద వేలు పెట్టి చూసింది. "ఎవడు కోశాడో కానీ వంకర" అంది. "కత్తి ఇటివ్వు." ఎడమ చేత్తో కత్తి పట్టుకుని మొదలుపెట్టింది. కత్తి జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. నేను తోక పట్టుకున్నాను. అప్పుడామె కత్తిని నావైపు తిప్పి, పిడి నా చేతిలో పెట్టింది.

"తోక దగ్గర ఎముక వదిలెయ్యకు" అంది.

నేను వదిలేశాను. ఆమె చూసింది. ఏమీ అనలేదు.